వేడెక్కిన ఇంజిన్ మళ్ళీ స్టార్ట్ కావడం లేదు, తాడు లాగి లాగి భుజం పోయింది

ఉప్పాడ_కెరటం
మా ఫైబర్ పడవకు 9.9 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ ఇంజిన్. వెనక తగిలించేది, పెట్రోలుది, తాడు లాగి స్టార్ట్ చేయాలి, బటన్ లేదు. కొని ఆరేళ్ళయింది. చేపల వేట నిషేధం ముగిసి జూన్ 15న పడవ దించినప్పటి నుంచి ఒకటే గోల.

తెల్లవారుజామున ఒకటి రెండు లాగులకే అందుకుంటుంది. గంట నడిపి వల దగ్గర ఆపుతాం. వల లాగడానికి ఇరవై నిమిషాలో అరగంటో పడుతుంది. ఆ తరువాత ఎంత లాగినా దగ్గదు, తుమ్మదు. నిన్న లెక్కపెట్టాను, నలభై మూడు లాగులు. విసుగొచ్చి ఇంకో గంట వదిలేస్తే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. ఒకసారి అందుకున్నాక రేవు చేరేదాకా ఎక్కడా తడబడదు.

స్పార్కు ప్లగ్గులు రెండూ మార్చాను. ఫిల్టర్ మార్చాను. పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ విప్పి కడిగించాను. మెకానిక్ "ఇంజిన్ ముసలిదైంది, కొత్తది చూసుకో" అన్నాడు. కొత్తది కొనే స్థితి ఉంటే ఇక్కడ ఎందుకు రాస్తాను?

సరంగు_సత్యం
పెట్రోలు ఎప్పటిది? నిషేధానికి ముందు ట్యాంకులో మిగిలిందేనా? రెండు నెలలు నిలవ ఉన్న పెట్రోలు జిగురు కడుతుంది. ఇప్పుడు వచ్చే పెట్రోలులో ఇథనాల్ కూడా ఉంది కదా, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సముద్రం పక్కన చెప్పాలా!

ఉప్పాడ_కెరటం
కొత్త పెట్రోలే. పాతది బైకులో పోసుకున్నాను.

బెస్తవారి_బాబు
ఆయిలు కలిపిన పెట్రోలు బైకులో పోశారా? ఆ పొగకు మీ వీధిలో దోమలు పోయి ఉంటాయి.

కాయిల్_కామేశం
ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు, ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిలే. వేడెక్కితే లోపలి తీగ సాగి ఎక్కడో సందు వస్తుంది, స్పార్కు పోతుంది. చల్లారితే మళ్ళీ అతుక్కుంటుంది. మా ఇంజిన్‌కు అచ్చం ఇలాగే వస్తే మూడు నెలలు కార్బురేటర్ కడిగించుకుంటూ తిరిగాను. కాయిల్ మార్చాక దెబ్బకు నయం. కాయిల్ కొని తగిలించండి, తరువాత మాట్లాడుకుందాం.

టెక్సాస్_తెడ్డు
పెట్రోలు గొట్టంలో ఆవిరి అడ్డం పడినట్టు అనిపిస్తోంది. ఇక్కడ ఎండాకాలంలో చెరువు మీద నా ఫోర్ స్ట్రోక్‌కు ఇలాగే అయ్యేది. ఆపిన వెంటనే ఇంజిన్ మీది మూత తీసి పక్కన పెడితే సగం సమస్య పోయింది. వేడి పైకి పోయే దారి దొరుకుతుంది.

బెస్తవారి_బాబు
మీది ఆదివారం షికారు పడవ, వాళ్ళది అన్నం పెట్టే పడవ. వల లాగేటప్పుడు మూత తీస్తే ఉప్పునీళ్ళు నేరుగా ఇంజిన్ నెత్తిన పడతాయి.

టెక్సాస్_తెడ్డు
అది నాకు తట్టలేదు, నిజమే. మా చెరువులో ఉప్పు లేదు, వల లేదు, చేప కూడా పడటం లేదు.

పాత_పానా
కామేశం గారూ, మీ ఇంజిన్‌కు కాయిల్ పోయి ఉండవచ్చు. అంతమాత్రాన ఊళ్ళో ఇంజిన్లన్నింటికీ కాయిలే పోతుందా?

ఉప్పాడ బాబూ, ఇప్పటిదాకా నువ్వు మార్చినవన్నీ రేవులో, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మార్చావు. జబ్బు నడిసముద్రంలో ఉంది, వైద్యం ఒడ్డున జరుగుతోంది. ఇంజిన్ మొండికేసిన ఆ అరగంటలోనే దాన్ని చూడాలి. ఆపిన తరువాత లోపల ఏం జరుగుతుందో ముందు తెలుసుకో, మిగతాది నీకే తోస్తుంది.

ఇంజిన్ నడుస్తున్నంతసేపూ కింది పంపు సముద్రపు నీటిని పైకి తోసి సిలిండర్లను చల్లబరుస్తుంది. ఇంజిన్ ఆపగానే పంపూ ఆగుతుంది. లోహంలో ఉన్న వేడి ఎక్కడికి పోతుంది? మెల్లగా చుట్టుపక్కలకు పాకుతుంది, మూత కింద బందీ అవుతుంది. కార్బురేటర్ నడుస్తున్నప్పటి కంటే ఆపిన పది పదిహేను నిమిషాల తరువాతే ఎక్కువ కాలుతుంది. నమ్మకపోతే చెయ్యి పెట్టి చూడు. పెట్రోలులో తేలికపాటి భాగం 35, 40 డిగ్రీల దగ్గరే మరగడం మొదలవుతుంది. ఇక రెండే దారులు. గొట్టంలో ఆవిరి నిండి కార్బురేటర్‌కు పెట్రోలు అందకపోవడం ఒకటి. కార్బురేటర్‌లోని పెట్రోలు పొంగి లోపలికి కారిపోయి, సిలిండర్ మునిగిపోవడం రెండోది. ఒకటి ఆకలి, ఒకటి అజీర్ణం. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, మందు మాత్రం పూర్తిగా వేరు.

రేపు ప్లగ్గు పానా, ఒక మంచి ప్లగ్గు అదనంగా తీసుకెళ్ళు. మొండికేసినప్పుడు మూడు లాగులు లాగి ఆగు. నలభై వద్దు. అప్పుడు ఇవి చూసి రాయి:
ప్లగ్గు తడిగా ఉందా, పొడిగా ఉందా.
పెట్రోలు గొట్టం మీది రబ్బరు బల్బు నొక్కితే రాయిలా ఉందా, మెత్తగా ఉందా.
ప్లగ్గు లోహం ఇంజిన్‌కు ఆనించి తాడు లాగితే స్పార్కు నీలంగా ఉందా, పసుపుగా నీరసంగా ఉందా.
స్పార్కు చూసే ముందు ఒలికిన పెట్రోలు తుడిచి, గాలి ఆడనివ్వు. దగ్గరలో బీడీ ఉంటే సముద్రంలో పారేయించు.

సరంగు_సత్యం
నడుస్తున్నప్పుడు వెనక చిన్న రంధ్రం నుంచి నీటి ధార ఎలా వస్తోందో కూడా చూడండి. ఇసుక నీళ్ళలో, పంపులో తిరిగే ఇంపెల్లర్ రెక్కలు త్వరగా అరిగిపోతాయి. నీళ్ళు తక్కువైతే ఇంజిన్ మామూలు కంటే ఎక్కువ కాలుతుంది, ఆ వేడికే ఇదంతా మొదలవుతుంది.

కోటిపల్లి_పంటు
నాది డీజిల్, కానీ ఇలాంటి కథే కాబట్టి చెబుతున్నాను. జనాన్ని రేవు దాటించే పంటు ఇంజిన్ పొద్దున చక్కగా స్టార్ట్ అయ్యేది, మధ్యాహ్నం ఆపితే మళ్ళీ లేచేది కాదు. బ్యాటరీ కొత్తది వేశాను, సెల్ఫ్ మోటారు విప్పించాను. చివరికి ఒక పెద్దాయన వచ్చి తడిగుడ్డ డీజిల్ పంపు మీద కప్పించి పది నిమిషాలు కూర్చోమన్నాడు. తరువాత తాళం తిప్పితే ఒక్క దెబ్బకు లేచింది! పంపు లోపల అరిగిపోయిందట. వేడికి డీజిల్ పలచబడి ఆ సందుల్లోంచి జారిపోతోందట. స్టార్ట్ చేసేటప్పుడు ఇంజిన్ మెల్లగా తిరుగుతుంది కనుక ఇంజెక్టర్‌ను తెరిచేంత ఒత్తిడి రావడం లేదు.

పాత_పానా
పెద్దాయన గట్టివాడు. ఒక్క జాగ్రత్త, ఇంజిన్ నడుస్తుండగా ఆ పంపు మీద చల్లనీళ్ళు కుమ్మరించకూడదు, లోపలి భాగాలు పట్టేస్తాయి.

కాయిల్_కామేశం
తడిగుడ్డ పరీక్ష కాయిల్‌కూ పనికొస్తుంది. రేపు కాయిల్ మీద కూడా వేసి చూడమనండి. ఒప్పుకుంటారో లేదో చూద్దాం.

బెస్తవారి_బాబు
ఇంతకీ ఇంజిన్ ఆపే స్విచ్చి తాడుకు ఉండే ఎర్ర క్లిప్పు పెట్టే లాగుతున్నారు కదా? అది లేకపోతే స్పార్కు రాదు. నవ్వకండి. మా బావ రెండు గంటలు లాగాక చూస్తే అది ఆయన జేబులోనే ఉంది.

ఉప్పాడ_కెరటం
క్లిప్పు ఉంది బాబూ. అంత లేదు.

ఈరోజు చూసినవి. ఆపిన ఇరవై ఐదు నిమిషాలకు మామూలుగానే మొండికేసింది. మూడు లాగుల తరువాత ప్లగ్గులు విప్పాను. రెండూ తడి. తడి అంటే చుక్క కారేంత. బల్బు రాయిలా గట్టిగా ఉంది. స్పార్కు నీలమే, టప్ టప్ మని వినిపించింది. కాయిల్ మీద తడిగుడ్డ పది నిమిషాలు వేశాను, తేడా ఏమీ లేదు. నీటి ధార కొంచెం సన్నగా వస్తోంది, గాలపు తీగతో పొడిస్తే ఉప్పు పెచ్చు ఊడిపడి మామూలైంది. నీళ్ళు వెచ్చగా ఉన్నాయి, చెయ్యి పెట్టగలిగేంతే.

పాత_పానా
అజీర్ణం. ఆకలి కాదు.

కాయిల్_కామేశం
ఆగండి. బయట గాలిలో నీలంగా కనిపించే స్పార్కు సిలిండర్ లోపల ఒత్తిడికి నిలబడుతుందని ఏమిటి నమ్మకం? స్పార్కు లేకపోయినా ప్లగ్గు తడే అవుతుంది, కాలని పెట్రోలు ఎక్కడికి పోతుంది? నేను ఇంకా కాయిల్ దగ్గరే ఉన్నాను.

పాత_పానా
ఆ ప్రశ్న సరైనదే, కాదనను. అయితే మూడు లాగులకే ప్లగ్గు చుక్క కారేంత తడి కాదు, అంతకుముందే లోపల పెట్రోలు చేరి ఉండాలి. బాబూ, స్టార్ట్ చేసేది ఎవరు? ఏమేం చేస్తారు? ఒక్కొక్కటే చెప్పు.

ఉప్పాడ_కెరటం
మా తమ్ముడు. ట్యాంకు మూత మీది గాలి స్క్రూ తెరుస్తాడు, బల్బు గట్టిపడేదాకా నొక్కుతాడు, చోక్ లాగుతాడు, తాడు లాగుతాడు. పొద్దున చేసేదే, కొత్తగా ఏమీ లేదు.

సరంగు_సత్యం
పొద్దున చేసేదే వేడి మీద చేస్తే ఎలా? చోక్ గాలి తగ్గించి పెట్రోలు ఎక్కువ పంపేది, అది చల్లటి ఇంజిన్‌కు. కాలుతున్న ఇంజిన్‌కు చోక్ లాగడం అంటే కడుపు నిండినవాడికి కొసరి కొసరి వడ్డించడమే.

పాత_పానా
రేపు మీ తమ్ముడి చేతులు కట్టేయి. బల్బు ముట్టుకోవద్దు, చోక్ లాగవద్దు. థ్రాటిల్ న్యూట్రల్‌లో ఎంతవరకు తిరిగితే అంతవరకు తెరిచి లాగు. మునిగిన ఇంజిన్‌కు గాలి ఎక్కువ కావాలి. అందుకున్న మరుక్షణం థ్రాటిల్ తగ్గించు, అరుస్తూ పోనివ్వకు.

ఉప్పాడ_కెరటం
రెండు రోజులు చేసి చూశాను. మొదటి రోజు పన్నెండో లాగుకు, రెండో రోజు పదిహేడో లాగుకు అందుకుంది. తెల్లటి పొగ కక్కి, కాసేపు దగ్గి సర్దుకుంది. నలభై మూడు కంటే నయమే. కానీ ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, పాటుకు నీళ్ళు వెనక్కి లాగుతున్నప్పుడు పదిహేడు లాగులంటే పడవ ఇసుక మేట మీద ఉంటుంది.

టెక్సాస్_తెడ్డు
అంటే చోక్ సగం కారణమే. ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే లోపలికి పెట్రోలు వెళుతోంది. కార్బురేటర్ నిండగానే పెట్రోలును ఆపే ఫ్లోట్ నీడిల్ సరిగ్గా మూసుకోవడం లేదేమో.

ఉప్పాడ_కెరటం
కార్బురేటర్ కడిగినప్పుడు మెకానిక్ నీడిల్ బాగానే ఉందన్నాడు.

కవళ్ళ_గంప
మగవాళ్ళంతా ఇంజిన్ దగ్గరే కూర్చున్నారు. నాకు ఇంజిన్ గురించి పెద్దగా తెలియదు, నేను చేపలు అమ్ముకునేదాన్ని. మా ఆయన పడవ మీద చూసింది అడుగుతాను. మీ ట్యాంకు ఎక్కడ పెడతారు? ఎండలోనా? వల లాగేటప్పుడు దాని మూత మీది స్క్రూ బిగిస్తారా? బిగిస్తే ట్యాంకు పొట్ట ఉబ్బుతుందా?

ఉప్పాడ_కెరటం
అక్కా, ఎండలోనే, వెనక ఇంజిన్ పక్కన. స్క్రూ బిగిస్తాం, లేకపోతే వల నుంచి చిమ్మే నీళ్ళు ట్యాంకులోకి పోతాయి. పొట్ట సంగతి ఎప్పుడూ చూడలేదు. స్క్రూ తెరిచినప్పుడు బుస్సుమని శబ్దం మాత్రం వస్తుంది.

పాత_పానా
బుస్సుమంటుందా! ఈ మాట మొదటి రోజే చెప్పి ఉంటే నీకు నాలుగు రోజులు, నాకు నలభై వాక్యాలు మిగిలేవి.

అమ్మా, నమస్కారం. నేను ఇంజిన్ నుంచి వెనక్కి వస్తున్నాను, మీరు ట్యాంకు నుంచి ముందుకు వచ్చారు.

బిగించిన ట్యాంకు ఎండకు కాలుతుంది. లోపల పెట్రోలు ఆవిరై ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి తప్పించుకునే దారి ఒకటే, గొట్టం. గొట్టం చివర ఫ్లోట్ నీడిల్ తలుపులా ఉంటుంది. ఆ తలుపు ఫ్లోట్ తేలే బలంతో మూసుకునేది, ఎండలో ఉబ్బిన ట్యాంకు తోసే తోపుకు తట్టుకోలేదు. తెరుచుకుని పెట్రోలును లోపలికి వదిలేస్తుంది. మీరు వల లాగే అరగంటా ఇంజిన్ తాగుతూనే ఉంది. బల్బు రాయిలా ఉన్నది కూడా అందుకే.

ఉప్పాడ_కెరటం
కానీ స్టార్ట్ చేసే ముందు స్క్రూ తెరుస్తున్నాం కదా?

కవళ్ళ_గంప
అప్పటికే తాగేసిందిగా తమ్ముడూ.

సరంగు_సత్యం
ఒక అనుమానం మిగిలింది. ఎండ కిందటి ఏడాదీ ఉంది, స్క్రూ కిందటి ఏడాదీ బిగించారు. ఈ జూన్ నుంచే ఎందుకు వచ్చింది?

ఉప్పాడ_కెరటం
పాత ఇనుప ట్యాంకు నిషేధంలో తుప్పు పట్టి కారింది. ప్లాస్టిక్‌ది కొన్నాను. పాతది అడుగు బల్ల కింద పట్టేది, ఇది పట్టదు, అందుకే పైన పెట్టాం.

పాత_పానా
...

బెస్తవారి_బాబు
పెద్దాయన మాట పడిపోయింది. ఎవరైనా నీళ్ళు ఇవ్వండి.

కాయిల్_కామేశం
ట్యాంకు మార్చిన సంగతి చెప్పకుండా మమ్మల్ని ఇన్ని రోజులు తిప్పారా!

ఉప్పాడ_కెరటం
ట్యాంకుకూ స్టార్ట్ కావడానికీ సంబంధం ఉంటుందని నాకేం తెలుసు? ఇంజిన్ ముట్టుకున్నవన్నీ చెప్పాను కదా.

పాత_పానా
సరే. రేపు ఒక్కటే మార్పు, ట్యాంకు ఒత్తిడి ఇంజిన్‌కు చేరకుండా చూడటం. ఇంజిన్ ఆపగానే పెట్రోలు గొట్టం ఇంజిన్ దగ్గర ఊడదీయి, ట్యాంకు మీద తడిగోనె కప్పు. వల లాగాక ముందు స్క్రూ మెల్లగా తెరువు, బుస్సుమనే ఆవిరి కాలే ఇంజిన్ వైపు పోకుండా చూసుకో, తరువాత గొట్టం తగిలించు. బల్బు వద్దు, చోక్ వద్దు. ఇంకేదీ మార్చకు. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో నీకూ తెలియదు, నాకూ తెలియదు.

కాయిల్_కామేశం
రెండో లాగుకు అందుకుంటే నా పేరు మార్చుకుంటాను.

ఉప్పాడ_కెరటం
ఐదు రోజులు చూసి రాస్తున్నాను, ఒక్కరోజు చూసి ఎగరడం ఎందుకని. మూడో లాగు, రెండో లాగు, రెండో లాగు, నాలుగో లాగు. ఒకరోజు కావాలనే గొట్టం ఊడదీయకుండా, గోనె కప్పకుండా పాత పద్ధతిలో వదిలేశాను. పందొమ్మిది లాగులు! చూస్తే ట్యాంకు పొట్ట నిజంగానే ఉబ్బి ఉంది, బూరెలాగా.

నీడిల్ కూడా విప్పించాను, ఈసారి వేరే మెకానిక్ దగ్గర. ఆయన దాని మొనను గోటితో తడిమి చూపించాడు, చుట్టూ సన్నటి గాడి పడింది. కంటికి ఆనదు, గోటికి తగులుతుంది. మొదటి ఆయన చూశాడు కానీ తడమలేదు. నీడిల్, దాని సీటు రెండూ మార్చాం. ట్యాంకును ముందు వైపు బల్ల నీడలోకి జరిపాం, గొట్టం రెండు అడుగులు పెంచాం.

టెక్సాస్_తెడ్డు
గొట్టం అటూ ఇటూ మెలిక పడకుండా చూసుకోండి. వల కాళ్ళ కింద ఉంటుంది కదా, దాన్ని ఎవరైనా తొక్కితే ఈసారి ఆకలి సమస్య వస్తుంది.

సరంగు_సత్యం
ఇంపెల్లర్ మాత్రం మరిచిపోకండి. ధార సన్నబడింది ఉప్పు పెచ్చు వల్లే కావచ్చు, కానీ ఆరేళ్ళలో దాన్ని ఒక్కసారైనా మార్చారా?

ఉప్పాడ_కెరటం
లేదు. ఈ అమావాస్యకు పడవ పైకి లాగినప్పుడు మారుస్తాను.

కోటిపల్లి_పంటు
ఉప్పునీళ్ళలో నడిచేది కాబట్టి ఇంజిన్ వేడిని బట్టి నీళ్ళకు దారి తెరిచే థర్మోస్టాట్ కూడా ఓసారి విప్పించండి. ఉప్పు పేరుకుని పట్టేస్తుంది. మాకు గోదావరి నీళ్ళు, ఆ బాధ లేదు, దానికి బదులు గుర్రపుడెక్క ఉంది.

బెస్తవారి_బాబు
కామేశం గారూ, రెండో లాగు రెండు సార్లు వచ్చింది. కొత్త పేరు ఏమిటి?

నీడిల్_కామేశం
మార్చుకున్నాను. అయినా ఆ కాయిల్‌కు ఆరేళ్ళు నిండాయి, గుర్తుంచుకోండి.

ఉప్పాడ_కెరటం
కవళ్ళ గంప అక్కకు ఒక మాట. ఈ ఆదివారం మీరు ఏ రేవుకు వస్తారో చెప్పండి, మా పడవలో పడిన చందువా చేపలు రెండు మీకు పక్కన పెడతాను. డబ్బు మాట ఎత్తవద్దు.

కవళ్ళ_గంప
కాకినాడ కుంభాభిషేకం రేవు. ఆరు గంటల లోపు తెండి, ఏడైతే ఐసు వేసినవి అంటాను.

పాత_పానా
మరి నాకు?

కవళ్ళ_గంప
మీకు చిన్న చేపలు, కవళ్ళు. నలభై వాక్యాలకు నలభై.